గుండ్ల పేరు, గ్యాస్ నూనె

చిన్నీ,

నీ ఉత్తరం నిన్న అందింది. నాట్ల ఖర్చుకని నానమ్మ గుండ్ల పేరు, అంటే బంగారు గుండ్ల దండ, బ్యాంకులో కుదువ పెట్టామని తెలిసి బాధేసిందన్నావు. "ప్రభుత్వమైతే నోట్లు అచ్చు వేసుకుంటుంది, దానికి ఇట్లాంటి అవసరం రాదు కదా తాతయ్యా?" అని అడిగావు. వచ్చింది బిడ్డా. 1991లో మన దేశానికే వచ్చింది. అప్పటికి మీ నాన్న నీ అంత ఉన్నాడు.

అది చెప్పాలంటే మా ఊరి దుకాణం సంగతి చెప్పాలి. నా చిన్నప్పుడు దుకాణానికి పైసలు తీసుకుపోయేవాళ్లం కాదు. అమ్మ చిన్న గంపలో వడ్లు పోసి ఇచ్చేది. దుకాణంలో ఆ వడ్లు కొలుచుకుని ఉప్పు, చింతపండు, బెల్లం ఇచ్చేవారు. గ్యాస్ నూనె, అంటే మీరు కిరోసిన్ అనేది, అది మాత్రం వడ్లకు ఇచ్చేవారు కాదు. పట్నంలో దుకాణదారు దాన్ని నగదుకే కొనాలి మరి. ఇంటినిండా వడ్లున్నా, చేతిలో నగదు లేని రోజున మా ఇంట్లో దీపం లేదు.

దేశం అచ్చు వేసుకునే రూపాయలు ఆ వడ్ల లాంటివి. మన ఊళ్లో చెల్లుతాయి. బయటి దేశంలో ముడి చమురు కొనాలంటే డాలర్లు కావాలి, అవి మనం అచ్చు వేయలేం. ఏదైనా అమ్మి సంపాదించాలి, లేదంటే అప్పు తేవాలి. అప్పట్లో మనం అమ్మేది తక్కువ, కొనేది ఎక్కువ. ఏళ్ల తరబడి అప్పులతో నెట్టుకొచ్చాం. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడింది. కొద్ది నెలల్లోనే చమురు ధర రెట్టింపైంది. కువైట్ నుంచి ఇంటికి డబ్బు పంపే మనవాళ్లు లక్షమందికి పైగా, చాలామంది కట్టుబట్టలతోనే, విమానాలెక్కి తిరిగొచ్చారు. 1991 జూన్ నాటికి మన దగ్గరున్న డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకు కూడా బొటాబొటి.

ఇక బంగారమే మిగిలింది. మే నెలలోనే 20 టన్నులు డాలర్ల కోసం స్విట్జర్లాండ్‌కు పోయింది. జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నులు విమానాల్లో లండన్‌కు పంపి, 40 కోట్ల డాలర్ల అప్పు తెచ్చింది. పేపర్లో చదివిన రోజు మా ఊళ్లో పెద్దవాళ్లు తల దించుకున్నారు. నాకు మాత్రం మా బాపు, అంటే మా నాన్న, గుర్తొచ్చాడు.

ఒక కరువు ఏడాది బాపు ఈ గుండ్ల పేరునే తువ్వాల్లో చుట్టుకుని సావుకారు దగ్గరికి బయలుదేరాడు. వెంట నేనూ ఉన్నాను. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం, "ఈ పైసలు విత్తనాలకే, పండగ పిండివంటలకు కాదు" అని రెండుసార్లు అన్నాడు. ఆ ఏడు మా ఇంట్లో పండగకు కొత్తబట్టలు లేవు. బర్రెను అమ్మేశారు. కోతలయ్యాక పేరు విడిపించి తెస్తే, అమ్మ గడపలోనే కూర్చుని గుండ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది.

ఆ 1991 జూన్‌లోనే మన వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయ్యారు. మన్మోహన్ సింగ్ గారిని ఆర్థిక మంత్రిగా తెచ్చుకున్నారు. జూలై 1న, 3న రూపాయి విలువ తగ్గించారు. అంతకుముందు 21 రూపాయలకు వచ్చే డాలరు దాదాపు 26 అయింది. బాపు వడ్ల ధర తగ్గించి, కొనేవాళ్లను ఇంటికి రప్పించుకున్నట్టు అనుకో. మన సరుకు బయటివాళ్లకు చవక, వాళ్ల సరుకు మనకు పిరం. జూలై 24న ఇంకో తలుపు తీశారు. అంతదాకా ఫ్యాక్టరీ పెట్టాలన్నా, పెద్దది చేయాలన్నా ఢిల్లీ లైసెన్సు కావాలి. కొన్ని పరిశ్రమలకు తప్ప ఆ లైసెన్సు తీసేశారు.

అదే రోజు బడ్జెట్‌లో, సర్కారు ఖర్చు తగ్గించుకోవడానికి, ఎరువుల ధర 40 శాతం పెంచారు. బర్రెను అమ్మినట్టే ఇదీ. కానీ ఇంట్లో ఆ పాలు తాగేది ఎవరో కూడా చూడాలి కదా! పార్లమెంటులో గొడవయ్యాక 30 శాతానికి తగ్గించి, చిన్న రైతులను మినహాయించారు. ఆ గొడవ చేసినవాళ్లు మంచి పని చేశారని నేను ఇప్పటికీ అంటాను.

బంగారం మీద తెచ్చిన ఆ అప్పు నెలల్లోనే తీరింది. 2009లో మన రిజర్వు బ్యాంకే, దేశాలకు అప్పులిచ్చే అంతర్జాతీయ ద్రవ్య నిధి దగ్గర 200 టన్నుల బంగారం కొన్నది. నాకు ఇప్పటికీ విచిత్రంగా ఉండేది ఒకటుంది. ఆ 47 టన్నులు లండన్‌లో ఏ పనీ చేయలేదు. చీకటి గదిలో ఊరికే ఉన్నాయి. అవి అక్కడున్నాయన్న భరోసాకే, ఇక్కడ మన ఓడరేవులకు చమురు ఓడలు వచ్చాయి. ఇంతకన్నా విడమరచి చెప్పడం నాకు రాదు.

నువ్వు ఒక పని చెయ్యి. ఈ ఆదివారం కాగితం మీద రెండు గళ్లు గియ్యి. మీ ఇంట్లో వడ్లకు వచ్చేవి ఒక గడిలో, గ్యాస్ నూనె లాంటివి రెండో గడిలో రాయి. పామాయిల్, నాన్న బండిలో పెట్రోలు, నీ ఫోన్ లోపలి చిప్పు ఎక్కడివో అడుగు. ఆ కాగితం సంక్రాంతి సెలవులకు తీసుకురా. అప్పటికి వడ్లు అమ్ముడుపోతాయి, గుండ్ల పేరు ఇంటికొస్తుంది. ఈసారి గుండ్లు నువ్వే లెక్కపెట్టి నానమ్మకు చెప్పు.

మీ తాతయ్య