టీమ్‌లో ఎంతమంది ఉండాలి? అరవై ఏళ్ల పేచీ

డెడ్‌లైన్ దాటిపోతోందనగానే ఇంకో నలుగుర్ని వేస్తే సరిపోతుందని ఏ మేనేజర్‌కైనా తోస్తుంది. కందకం తవ్వే పనిలో ఆ లెక్క కుదురుతుంది. సాఫ్ట్‌వేర్‌లో కుదరదని కంప్యూటర్ల కంపెనీ ఐబీఎంకి బోలెడంత ఖర్చు పెట్టాకే తెలిసింది.

1964 ఏప్రిల్‌లో ఆ కంపెనీ సిస్టమ్/360 కంప్యూటర్లను ప్రకటించింది. వాటి ఆపరేటింగ్ సిస్టమ్ ఓఎస్/360 పనిని ఫ్రెడ్ బ్రూక్స్ నడిపించాడు. పని జోరుగా ఉన్నప్పుడు ప్రోగ్రామర్లు, గుమాస్తాలు, మేనేజర్లు అందరూ కలిసి వెయ్యిమందికి పైనే. అయినా ఆలస్యం తప్పలేదు. 1975లో ఆ అనుభవాన్ని పుస్తకంగా రాస్తూ బ్రూక్స్ ఒక్క ముక్కలో తేల్చేశాడు: ఆలస్యమైన ప్రాజెక్టులో మనుషుల్ని చేరిస్తే అది ఇంకా ఆలస్యమవుతుంది. కొత్తవాళ్లకి పని నేర్పాల్సింది పాతవాళ్లే కదా, ఆ మేరకు వాళ్ల పని ఆగుతుంది. దానికి తోడు మాట్లాడుకునే భారం. ఐదుగురుంటే 10 జంటలు, పదిమందైతే 45, యాభైమందైతే 1,225. ప్రతి జంటా రోజూ మాట్లాడుకోదు, నిజమే. కానీ మాట్లాడుకోవాల్సిన ఏ ఇద్దరు మాట్లాడుకోలేదో సిస్టమ్ పడిపోయాక గానీ బయటపడదు.

మరి జనాన్ని తగ్గిస్తే? ఐబీఎంలోనే హార్లన్ మిల్స్ ఆ దారి చూపాడు. ఆపరేషన్ థియేటర్లో కత్తి పట్టేది సర్జన్ ఒక్కడే, మిగతావాళ్లు సాయం చేస్తారు. అలాగే ముఖ్యమైన కోడంతా ఒక చీఫ్ ప్రోగ్రామర్ రాస్తాడు, అతనికి తోడుగా ఒక బ్యాకప్ ప్రోగ్రామర్, ఫైళ్లూ ప్రింటవుట్లూ భద్రంగా చూసుకునే ఒక లైబ్రేరియన్. న్యూయార్క్ టైమ్స్ పత్రిక పాత వార్తల్ని వెతికే సిస్టమ్‌ని ఇలాంటి చిన్న టీమే కట్టింది, సుమారు 83 వేల లైన్ల కోడ్. (ఆ లైబ్రేరియన్ ఉద్యోగాన్ని ఇప్పుడు కోడ్‌లో ప్రతి మార్పునీ భద్రపరిచే గిట్ అనే సాఫ్ట్‌వేర్ చేస్తోంది, జీతం లేకుండా.) పద్ధతి బాగానే ఉంది, కానీ అంత సమర్థుడైన చీఫ్ ప్రతి ప్రాజెక్టుకీ ఎక్కడ దొరుకుతాడు? దొరికినా, మిగతావాళ్లు ఎన్నాళ్లని అతని చేతికింద ఉంటారు?

నా దృష్టిలో వీళ్లందరికంటే లోతుగా చూసినవాడు మెల్విన్ కాన్వే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త. ఆయన వ్యాసాన్ని హార్వర్డ్ బిజినెస్ రివ్యూ నిరూపణ లేదని తిప్పి పంపితే, 1968 ఏప్రిల్‌లో డేటామేషన్ అనే కంప్యూటర్ పత్రిక వేసుకుంది. ఏ సంస్థయినా తన లోపల మాటలు ఏ దారుల్లో నడుస్తాయో, సరిగ్గా ఆ ఆకారంలోనే సిస్టమ్‌ని తయారు చేస్తుందని ఆయన వాదన. అందులో ఒక ఉదాహరణ ఉంది. (కోబాల్, ఆల్గాల్ రెండూ ప్రోగ్రామింగ్ భాషలు; వాటిలో రాసినదాన్ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్ కంపైలర్.) ఎనిమిదిమందిలో ఐదుగుర్ని కోబాల్ కంపైలర్‌కి, ముగ్గుర్ని ఆల్గాల్ కంపైలర్‌కి వేశారు. చివరికి కోబాల్ కంపైలర్ ఐదు దశల్లో, ఆల్గాల్‌ది మూడు దశల్లో నడిచింది! ఫ్రంటెండ్ (తెరమీద కనిపించేది), బ్యాకెండ్ (వెనక నడిచేది), డేటాబేస్ (సమాచారం దాచేది) అని మూడు టీమ్‌లుగా విడిపోయిన చోట ఫారంలో ఒక్క గడి చేర్చడానికి మూడు టికెట్లు (పని చేసిపెట్టమనే అర్జీలు) ఎందుకు తిరుగుతాయో అర్థమైంది కదా.

ఆ తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. 1990లలో చిన్న టీమ్ కొద్ది వారాల విడతల్లో పనిచేసే స్క్రమ్ పద్ధతి వచ్చింది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని స్నోబర్డ్‌లో 17 మంది కూర్చుని, మార్పులకి తగ్గట్టు సర్దుకుంటూ సాఫ్ట్‌వేర్ కట్టాలనే ఎజైల్ మేనిఫెస్టో రాశారు. టీమ్ మొత్తానికి రెండు పిజ్జాలు సరిపోవాలని, అంటే అంత చిన్నదిగా ఉండాలని, అమెజాన్ అంది. 2012లో పాటల యాప్ స్పాటిఫై తన స్క్వాడ్‌లు (చిన్న టీమ్‌లు), ట్రైబ్‌ల (ఆ టీమ్‌ల గుంపుల) గురించి ఒక వ్యాసంలో చెప్పగానే చాలా కంపెనీలు ఆ పేర్లు ఎత్తుకొచ్చి పాత డిపార్ట్‌మెంట్లకే తగిలించాయి. ఇది ఇప్పుడు మేం పనిచేస్తున్న తీరు మాత్రమే, ఇంకా మారుతూనే ఉందని ఆ వ్యాసం రాసినవాళ్లు అందులోనే చెప్పారు. అది ఎవరు చదివారు?

ఇప్పుడు కొందరు కాన్వే మాటని తిరగేసి వాడుతున్నారు. సిస్టమ్ ఎలా ఉండాలో ముందు అనుకుని, టీమ్‌లని అలా విడగొడతారు. చెల్లింపుల భాగాన్ని ఒకే టీమ్ రాస్తుంది, టెస్ట్ చేస్తుంది, అర్ధరాత్రి పడిపోతే లేచి చూస్తుంది. మరి లాగిన్ లాంటివి అన్ని టీమ్‌లకీ కావాలి. వాటికి ఇంకో టీమ్ పెడితే, అందరూ దాని వాకిట్లో టికెట్లు పట్టుకుని వరస కడతారు.