నీళ్లు తాగని గడ్డి

తిరుచానూరు రోడ్డు దగ్గర పద్మావతీపురంలో మా అక్కావాళ్ల ఇంటి ముందు ఇరవై అడుగుల పొడవు, పదడుగుల వెడల్పున చిన్న పచ్చిక ఉంది. పోయిన మే నెలలో బోరు ధార సన్నబడింది. నీళ్ల ట్యాంకరు పిలిపించిన రోజున బావ ఆ పచ్చిక వంక అప్పుల వాడిని చూసినట్టు చూశాడు. వారం తిరగకుండానే ప్లాస్టిక్ గడ్డి ముక్క ఒకటి నమూనాగా తెచ్చి బల్ల మీద పరిచాడు. జానెడు చదరం, అంగుళంన్నర ఎత్తు పోచలు. నిజం గడ్డిలా కనిపించాలని ఆకుపచ్చ పోచల అడుగున ఎండుగడ్డి రంగులో వంకీలు తిరిగిన పోగులు కూడా కుట్టారు. ఎండిన గడ్డిని పీకలేక మనం చస్తుంటే, దాన్ని అచ్చంగా తయారుచేసి అడుగుల లెక్కన అమ్మేవాళ్లున్నారు!

"నీళ్లక్కర్లేదు, కోత అక్కర్లేదు, కలుపు రాదు. ఏమంటావయ్యా?" అన్నాడు బావ.

నేనేదైనా అనేముందు దాన్ని ఎండలో పెట్టి చూద్దామన్నాను. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటరు ఇంట్లో ఉంటే దానితో మొదలుపెట్టాం. అది మనిషి జ్వరం కొలవడానికి చేసినది కాబట్టి ప్లాస్టిక్ గడ్డి మీద పెట్టినా, సిమెంటు గచ్చు మీద పెట్టినా 'హై' అని ఒకటే మాట చెప్పి ఊరుకుంది. అప్పుడు మా మేనకోడలు కేకు మీద వెలిగించే సన్న కొవ్వొత్తుల పొట్లం తెచ్చింది. గులాబీ రంగుది ప్లాస్టిక్ గడ్డి మీద, పసుపుది గచ్చు మీద, నీలం రంగుది పొద్దున తడిపిన గరిక మీద పడుకోబెట్టాం. మధ్యాహ్నం పన్నెండు. భోంచేసి వచ్చేసరికి గులాబీ కొవ్వొత్తి నడుం వంగి, అడుగుభాగం కరిగి పోచల్లోకి దిగిపోయింది. గచ్చు మీదిది వేలితో నొక్కితే సొట్ట పడుతోంది. గరిక మీదిది పెట్టినట్టే తిన్నగా, గట్టిగా ఉంది. రంగులు వేరు కాబట్టి పరీక్ష చెల్లదని మేనకోడలు అభ్యంతరం చెప్పింది. న్యాయమే, ముదురు రంగు ఎండను ఎక్కువ పీల్చుకుంటుంది. మర్నాడు మూడూ తెల్లవే పెట్టాం. ఫలితం మారలేదు.

కొవ్వొత్తి మైనం సుమారు 50, 60 డిగ్రీల మధ్య కరుగుతుంది. ఒకే ఎండ, ఒకే గాలి, నాలుగడుగుల దూరం. ఒకచోట మైనం కరుగుతోంది, ఇంకోచోట కరగడం లేదు. తేడా ఎక్కడుందంటే, బావ ఖర్చు రాసుకున్న నీళ్లలోనే ఉంది.

గడ్డికి నీళ్లెందుకంటే పెరగడానికి అంటాం. నిజానికి వేళ్లు పీల్చిన నీటిలో మొక్క ఒంట్లో నిలిచేది నూటికి ఒకటి రెండు పాళ్లే. తక్కినదంతా ఆకుల మీది పత్రరంధ్రాల గుండా ఆవిరై పోతుంది. దీన్నే బాష్పోత్సేకం అంటారు. వినడానికి దండగలా ఉన్నా, గడ్డి ఎండలో బతికి బట్టకట్టేది ఈ దండగ వల్లనే. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. మామూలు నీళ్లను పొయ్యి మీద మరిగేదాకా తీసుకురావడానికి అయ్యే వేడికి ఇది ఏడు రెట్ల పైమాట. ఆ వేడిని నీరు ఆకు నుంచే లాక్కుని వెళ్లిపోతుంది. కొత్త కుండలో నీళ్లు చల్లబడేదీ, చెమట పట్టినప్పుడు గాలి తగిలితే మనకు హాయిగా ఉండేదీ ఇందుకే.

బావ లెక్కల మనిషి కాబట్టి కాగితం తీసుకున్నాం. ఎండ బాగా కాసే రోజున నీళ్లు అందిన పచ్చిక 5 నుంచి 7 మిల్లీమీటర్ల నీటిని ఆవిరి చేస్తుంది. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే సరిగ్గా ఒక లీటరు. బావ పచ్చిక 200 చదరపు అడుగులు, అంటే పద్దెనిమిదిన్నర చదరపు మీటర్లు. రోజుకు 6 మిల్లీమీటర్లు వేసుకుంటే 110 లీటర్లు, అంటే ఏడెనిమిది బిందెలు. ఇది తక్కువేమీ కాదు, బావ బెంగకు అర్థం ఉంది. ఇప్పుడు అదే నీటిని రెండో వైపు నుంచి చూడండి. 110 లీటర్లు ఆవిరి కావడానికి పట్టే వేడిని విద్యుత్తు లెక్కలో చెబితే 73 యూనిట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు సుమారు 5.3 యూనిట్ల వేడిని గదిలోంచి తోడి బయట పోస్తుంది. అంటే ఆ పచ్చిక ఒక్కరోజులో చేసే పని చేయాలంటే ఏసీ పద్నాలుగు గంటలు ఆగకుండా తిరగాలి. ఆరుబయట గాలి కదులుతుంటుంది కాబట్టి వాకిలి ఏసీ గదిలా మారిపోదు, నిజమే. కానీ ఆ ఎండ వేడి గోడకూ, కిటికీకీ, మన కాళ్లకూ తగలకుండా ఆవిరితో కలిసి పైకి పోతుంది. నీళ్లక్కర్లేని గడ్డి ఆ పనికి రాజీనామా ఇచ్చిన గడ్డి.

ఆకుకు ఇంకో విద్య కూడా ఉంది. సూర్యుడి నుంచి వచ్చే శక్తిలో సుమారు సగం మన కంటికి కనిపించని పరారుణ కాంతి. కిరణజన్య సంయోగక్రియకు అది పనికిరాదు. అందుకే సజీవమైన ఆకు దగ్గరి పరారుణ కిరణాల్లో చాలా భాగాన్ని లోపలికి రానివ్వకుండా తిప్పికొడుతుంది. పరారుణ ఫోటోల్లో చెట్లు మంచు కప్పినట్టు తెల్లగా కనిపించడానికి కారణం ఇదే. ప్లాస్టిక్ పోచకు వేసిన ఆకుపచ్చ రంగు మన కంటిని మోసం చేయగలదు గాని, చాలా రకాల్లో ఈ తిప్పికొట్టే గుణం ఉండదు. పరారుణాన్ని వెనక్కి పంపే రంగులు కలిపి చేసినవీ బజారులోకి వచ్చాయి. వాటితో వేడి కొంత తగ్గుతుంది, అయినా ఆవిరి లేని లోటు తీరదు.

అమెరికాలోని ఉటా రాష్ట్రంలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2002లో తమ ఆటస్థలంలో ఈ వేడిని కొలిచారు. గాలి 37 డిగ్రీలున్న రోజున కృత్రిమ గడ్డి ఉపరితలం గరిష్ఠంగా 93 డిగ్రీలకు చేరింది. నీళ్లు కొడితే 79 నుంచి 29కి పడిపోయింది. అంతా సంతోషించేలోపు, ఐదు నిమిషాల్లో 49కి, ఇరవై నిమిషాల్లో 73కి ఎక్కి కూర్చుంది. పోచల మీద నిలిచిన తడి ఎంతసేపని? నేలలోంచి నీటిని తోడి అందించే వేళ్లు దానికి లేవు కదా. అక్కడి 37 డిగ్రీలు వాళ్లకు మండు వేసవి. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం మామూలు. న్యాయంగా ఒక మాట కూడా చెప్పాలి: ప్లాస్టిక్ పోచలు పలచగా ఉంటాయి కాబట్టి పొద్దు వాలాక త్వరగానే చల్లబడతాయి. రాత్రంతా సెగలు కక్కే విషయంలో సిమెంటు గచ్చే ఘోరం. మన ఊళ్లలో ఈమధ్య గంటల లెక్కన అద్దెకిచ్చే క్రికెట్ టర్ఫ్‌లన్నీ దీపాలు వెలిగాకే కిటకిటలాడతాయి. మధ్యాహ్నం ఎందుకు ఖాళీగా ఉంటాయో ఆ పిల్లల అరికాళ్లనడగాలి.

అరికాళ్ల సంగతి మన ఊరికి ఎవరూ నేర్పనక్కర్లేదు. వేసవి వస్తే తిరుమల మాడవీధుల్లో భక్తుల కాళ్లు కాలకుండా తెల్లటి చలువ పూత వేస్తారు, పట్టాలు పరుస్తారు, నీళ్లు చల్లుతారు. పూత ఎండను తిప్పికొడుతుంది. పట్టా రాతి వేడిని కాలికి చేరనివ్వదు. నీరు ఆవిరై వేడిని పట్టుకుపోతుంది. వేడిని ఎదుర్కోవడానికి భౌతికశాస్త్రంలో ఉన్న దారులన్నీ దాదాపు అక్కడే కనిపిస్తాయి. సాయంత్రం వాకిట్లో నీళ్లు చల్లే అలవాటులో ఉన్నదీ ఆ మూడో దారే.

అసలీ ప్లాస్టిక్ గడ్డికి పేరు వచ్చిందే ఎండ లేని చోట. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో 1965లో ఆస్ట్రోడోమ్ అనే పైకప్పున్న బేస్‌బాల్ స్టేడియం తెరిచారు. లోపల నిజమైన గడ్డే వేశారు, వెలుతురు రావడానికి కప్పుకు పారదర్శకమైన పలకలు పెట్టారు. ఆ మెరుపులో పైకెగిరిన బంతి కనిపించడం లేదని ఆటగాళ్లు మొరపెట్టుకుంటే పలకలకు రంగు పూశారు. ఎండ అందక గడ్డి చచ్చిపోయింది. ఆ ఏడాది మిగిలిన ఆటలు చచ్చిన గడ్డికి పచ్చరంగు కొట్టి ఆడించారు. 1966లో మోన్‌శాంటో కంపెనీ తయారుచేసిన నైలాన్ గడ్డి పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు ఆ స్టేడియం వల్ల వచ్చిందే. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీ తొలిసారి కృత్రిమ మైదానం మీదికి వచ్చింది. 1928 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ హాకీ పతకం తెచ్చిన మన దేశం అప్పుడు ఏడో స్థానంలో ఆగిపోయింది. తప్పంతా గడ్డి మీదికి నెట్టడం నాకిష్టం లేదు గాని, గడ్డి మీద పెరిగిన మన ఆటకు అది పెద్ద దెబ్బే. చమత్కారం ఏమిటంటే, బంతి సాఫీగా దొర్లాలని, ఆటగాళ్ల చర్మం గీసుకుపోకూడదని ఆ హాకీ మైదానాలను ఆటకు ముందు పుష్కలంగా తడిపేవారు. నీళ్లక్కర్లేని గడ్డికి మళ్లీ నీళ్లు!

బావ పచ్చిక ఆటస్థలం కాదు కాబట్టి అతనికి మరికొన్ని చిక్కులున్నాయి. ప్లాస్టిక్ గడ్డి పరచాలంటే పైమట్టి తీసేసి, కంకర, క్రషర్ పొడి పోసి గట్టిగా దిమ్మిస పట్టాలి. చాపకు అడుగున రంధ్రాలుంటాయి గాని, దిమ్మిస పట్టిన నేలలోకి నీరు నెమ్మదిగానే దిగుతుంది. గడ్డి వేళ్లు, వానపాములు, చీమలు చేసిన దారులు ఉన్న మట్టి సంగతి వేరు. తిరుపతికి ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యే, అదీ తుపాన్ల రూపంలో ఒక్కసారిగా వస్తుంది. 2021 నవంబరులో వీధులు వాగులైన దృశ్యం ఈ ఊరి వాళ్లెవరూ మరిచిపోలేదు. రెండువందల అడుగుల వాకిలి వరదను ఆపుతుందని నేననను. కానీ మేలో బోరు ఎండిందని బాధపడి, నవంబరులో ఇంకాల్సిన నీటిని గేటు దాటించి రోడ్డు మీదికి పంపడం ఏ లెక్కలోనూ కుదరదు.

కలుపు రాదన్న మాట కూడా పూర్తిగా నమ్మకండి. తుంగ మొలక మొన సూదిలా ఉంటుంది. పొలాల్లో కలుపు రాకుండా పరిచే ప్లాస్టిక్ పట్టాను గుచ్చుకుని పైకి వచ్చే మొండి జాతి అది. ఇక ఎదురింటి మేడకు ఎండను తిప్పికొట్టే అద్దాలుంటే మరో ప్రమాదం. కొన్ని కోణాల్లో ఆ కిటికీ ఎండనంతా ఒకచోటికి చేర్చి భూతద్దంలా పనిచేస్తుంది. ప్లాస్టిక్ పోచలు చారలు చారలుగా కరిగి ముద్దకట్టడానికి అది చాలు. కుక్కను పెంచేవాళ్లకు వాసన గొడవ సరేసరి. మట్టిలోని సూక్ష్మజీవులు చక్కబెట్టే పనిని ఇక్కడ మనిషి గొట్టం పట్టుకుని చేయాలి.

ఎండకూ రాపిడికీ పోచల్లోని పాలిథిలిన్ ప్లాస్టిక్ పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. రాలిన పొడి వానతో కాలువలోకి, అక్కడి నుంచి స్వర్ణముఖి వైపు పోతుంది. ఆటస్థలాల్లో పోచల మధ్య నింపే ప్లాస్టిక్, రబ్బరు గుళికల అమ్మకాన్ని 2031 నుంచి ఆపేస్తూ ఐరోపా సమాఖ్య 2023లో నిబంధన తెచ్చింది. ఇంటి వాకిట్లో చాలామంది ఇసుకే నింపుతారు కాబట్టి గుళికల బెడద తక్కువే, పోచల బెడద మాత్రం అలాగే ఉంటుంది. పాతబడ్డ చాపను తిరిగి వాడుకోవడమూ తేలిక కాదు. పోచ ఒక ప్లాస్టిక్, అడుగు గుడ్డ ఇంకో ప్లాస్టిక్, వాటిని పట్టి ఉంచే జిగురు మరొకటి. విడదీసే ఓపిక ఎవరికుంది?

అయితే ఇంగ్లండు తరహా పచ్చికను కాపాడుకోమని నేను బావకు చెప్పలేదు. ఏడాది పొడవునా చినుకులు పడే దేశంలో పుట్టిన ముచ్చట అది. గడ్డి కోసే యంత్రానికి 1830లో పేటెంటు తీసుకున్న ఎడ్విన్ బడ్డింగ్ కూడా ఆ దేశస్థుడే. మన ఎర్రనేలకు గరిక ఉంది. కణుపు కణుపునా వేళ్లూనుతుంది, లోతుకు దిగుతుంది, తక్కువ నీటితో ఎక్కువ పిండిపదార్థం తయారుచేసుకునే జాతుల్లో ఒకటి. నీళ్లు ఆపేస్తే గోధుమరంగుకు తిరిగి నిద్రపోతుంది తప్ప సులువుగా చావదు. తొలకరి పడితే వారంలో లేస్తుంది. ఆ రెండు నెలల గోధుమరంగును భరించగలిగితే ట్యాంకరు బాధ ఉండదు. పడమటి వైపున ఒక వేపచెట్టు నీడ తోడైతే నేలకు తగిలే ఎండే తగ్గుతుంది, నీళ్ల ఖర్చూ తగ్గుతుంది. ప్లాస్టిక్ గడ్డికీ తగిన చోటు ఉంది: ఎండ పడని బాల్కనీ, మట్టి లేని వరండా. అక్కడ గడ్డి ఎలాగూ పెరగదు, పోయేదేమీ లేదు.

ఇదంతా చెప్పడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. మా అక్క కాఫీ గ్లాసులు తీసుకుంటూ, "ప్లాస్టిక్ వేస్తే వినాయక చవితికి గరిక బజార్లో కొనాలి కదా" అంది. బావ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వాకిట్లో గరిక ఉంది. పోయిన జూన్ అంతా చూడటానికి ఏమంత బాగోలేదు. మేడ మీద ఉత్తరపు బాల్కనీలో మాత్రం పది అడుగుల ప్లాస్టిక్ గడ్డి పరిచారు, మేనకోడలు అక్కడ కూర్చుని చదువుకుంటుంది. నమూనా ముక్క పెరటి గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకునే పట్టా అయింది. దాని పోచల్లోకి దిగిన గులాబీరంగు మైనం ఎంత గీకినా రావడం లేదని అక్క ఇప్పటికీ నన్ను తిడుతోంది.