జాతకంలో రాహుకేతువులు: కొన్ని అపోహలు, వాస్తవాలు

జాతకం చూపించుకోవడానికి వచ్చేవాళ్లలో ఈ మధ్య రెండు రకాలు కనిపిస్తున్నారు. ఒకరు రాహువు పేరు ఎత్తగానే "పరిహారం ఏదైనా ఉందా అండీ?" అంటారు. ఇంకొకరు ఆన్‌లైన్‌లో చదువుకుని వచ్చి "నా నార్త్ నోడ్ (రాహువుకు పాశ్చాత్యుల పేరు) పదో ఇంట్లో ఉంది, అంటే నా జీవిత లక్ష్యం ఉద్యోగమేగా?" అంటారు. మొదటివారికి రాహువు శత్రువు, రెండోవారికి గురువు. నాకు రెండు లెక్కలూ తొందరపాటుగానే అనిపిస్తాయి. మనల్ని మనం తెలుసుకోవడానికి రాహుకేతువుల జంటను చదవొచ్చు, నేనూ చదువుతాను. అయితే జంటగానే చదవాలి.

అపోహ: రాహుకేతువులు కంటికి కనిపించని రెండు గ్రహాలు.

ఆకాశంలో అక్కడ ఏ గోళమూ లేదు. చంద్రుడు తిరిగే దారి, సూర్యుడు కదులుతున్నట్టు మనకు కనిపించే క్రాంతివృత్తానికి 5 డిగ్రీల కంటే కాస్త ఎక్కువ వాలుగా ఉంటుంది. ఈ రెండు దారులూ రెండు చోట్ల ఖండించుకుంటాయి. చంద్రుడు దక్షిణం నుంచి ఉత్తరానికి దాటే బిందువు రాహువు, ఉత్తరం నుంచి దక్షిణానికి దిగే బిందువు కేతువు. అందుకే ఎవరి జాతకంలోనైనా ఇద్దరి మధ్య సరిగ్గా 180 డిగ్రీలు ఉంటాయి. అమావాస్య గానీ పౌర్ణమి గానీ ఈ బిందువుల దగ్గర పడితేనే గ్రహణం. గ్రహణాలకు కారణం చంద్రుడి నీడ, భూమి నీడ అని ఆర్యభటుడు 499 నాటికే రాశాడు. పాము మింగడం పురాణ కథ. ఆ కథలో అందం ఉంది, లెక్క మాత్రం వేరే.

అపోహ: రాహువు ఏ రాశిలో ఉంటే అది నా ఒక్కడి ప్రత్యేక సందేశం.

ఈ బిందువులు వెనక్కి నడుస్తూ రాశిచక్రం చుట్టి రావడానికి సుమారు 18.6 ఏళ్లు తీసుకుంటాయి. అంటే ఒక్కో రాశిలో దాదాపు ఏడాదిన్నర. మీతో పాటు ఆ ఏడాదిన్నరలో పుట్టిన ప్రతి ఒక్కరికీ రాహువు అదే రాశిలో ఉంటాడు. మీ తరగతిలో సగం మందికి పైగా అదే "సందేశం" వచ్చి ఉంటుంది. మీకంటూ ప్రత్యేకమైనది లగ్నం (పుట్టిన క్షణంలో తూర్పున ఉదయించే రాశి) నుంచి లెక్కపెట్టే భావం, అంటే ఇల్లు, ఆ రాశ్యధిపతి ఉన్న చోటు, రాహుకేతువులతో కలిసిన గ్రహాలు, ప్రస్తుతం నడుస్తున్న దశ (ఒక్కో గ్రహానికి కేటాయించిన కాలం). ఇవి చూడకుండా "మీనంలో రాహువు కాబట్టి మీరు ఆధ్యాత్మికంగా ఎదగాలి" అనేస్తే అది తరానికంతటికీ కలిపి చెప్పిన జోస్యం అవుతుంది.

రాశి దగ్గర ఇంకో చిక్కు. పాశ్చాత్య పద్ధతి సాయనం (విషువత్తు బిందువు నుంచి రాశులు లెక్కపెట్టేది), మనది నిరయనం (నక్షత్రాలను ఆధారం చేసుకుని లెక్కపెట్టేది). రెంటికీ ఇప్పుడు దాదాపు 24 డిగ్రీల తేడా ఉంది. 2025 ఆగస్టులో పుట్టిన బిడ్డకు సాయనంలో రాహువు మీనంలో, నిరయనంలో కుంభంలో ఉంటాడు. ఒక పద్ధతిలో చక్రం వేయించుకుని, ఇంకో పద్ధతి వాళ్లు రాసిన ఫలితం చదువుకునేవాళ్లు చాలామంది. ఏదో ఒకటి పట్టుకోండి.

అపోహ: రాహువు ఉన్న ఇంటివైపు పరుగెత్తాలి, కేతువు ఉన్న ఇంటిని వదిలేయాలి.

నేను ఎక్కువగా వాదించేది దీని మీదే. రాహువు ఎదుగుదల, కేతువు గతం అనే సూత్రం 20వ శతాబ్దపు పాశ్చాత్య జ్యోతిషంలో బాగా పాతుకుపోయింది. మన సంప్రదాయంలో రాహువు కోరికకు, అతికి, తృప్తి లేనితనానికి కారకుడు. కేతువు వైరాగ్యానికి, జ్ఞానానికి, మోక్షానికి కారకుడు. తృప్తి తెలియనివాడినే దారి చూపమంటే ఎక్కడికి తీసుకెళతాడు? నా పఠనంలో రాహువు ఉన్న భావం మనకు ఆకలి ఎక్కడ ఉందో చెబుతుంది. ఆ ఆకలిని గుర్తించడం వరకే ఎదుగుదల. దాని వెంటపడి పోవడాన్ని అలా అనలేం.

ఒక చక్రం అనుకుందాం. మిథున లగ్నం, పదో ఇంట మీనంలో రాహువు, నాలుగో ఇంట కన్యలో కేతువు. మామూలుగా వినిపించే సలహా: "ఇల్లూ వాకిలీ పక్కన పెట్టండి, కెరీరే మీ బాట." కానీ రాహుకేతువులకు సొంత ఇల్లు లేదని, ఉన్న ఇంటి యజమాని ద్వారానే ఫలితమిస్తారని చాలామంది పాటించే నియమం. ఇక్కడ రాహువు ఉన్న మీనానికి అధిపతి గురువు, కేతువు ఉన్న కన్యకు అధిపతి బుధుడు. ఆ బుధుడే లగ్నాధిపతి కూడా. నాలుగో ఇంటిని వదిలేయమంటే లగ్నాధిపతి ఇంటినే వదిలేయమన్నట్టు. ఇలాంటి జాతకుడికి నేను వేసే ప్రశ్నలు వేరు. పేరు కోసం ఒప్పుకున్న పనులెన్ని, నచ్చి ఒప్పుకున్నవెన్ని? ఇంట్లో ఉన్నప్పుడు మనసు ఇంట్లోనే ఉంటోందా? కేతువు ఉన్న చోట మనిషికి పని తెలుసు, శ్రద్ధే తగ్గుతుంది. అక్కడి నేర్పును తెచ్చి రాహువు ఉన్న చోట వాడుకోవాలి. చెట్టు పైకి పెరగడానికి వేరు నరుక్కోదు కదా.

పెళ్లిని సూచించే ఏడో ఇంట రాహువు, లగ్నంలో కేతువు ఉన్నవారికి "పెళ్లి నిలవదు" అని చెప్పి పంపేవాళ్లు ఉన్నారు. ఈ ఒక్క స్థితితో అలా చెప్పడానికి ఏ ఆధారమూ చాలదు. సప్తమాధిపతి (ఏడో ఇంటి యజమాని), శుక్రుడు, దశ, ఇవేవీ చూడకుండా నోరు విప్పకూడదు. ఎదుగుదల కోణంలో నేను అడిగేది ఒక్కటే: అన్నీ ఒంటరిగా నెట్టుకొచ్చే అలవాటు ఉండి, సాయం అడగాల్సిన చోట కూడా అడగకుండా, చివరికి ఎదుటివాళ్లే అర్థం చేసుకోవాలని ఆశపడుతున్నారా? అవునంటే ఇద్దరికీ మాట్లాడుకోవడానికి ఒక మొదలు దొరికినట్టే. కాదంటే నేను పట్టుబట్టను.

అపోహ: కాలసర్పం ఉంటే జీవితం బిగుసుకుపోతుంది.

ఏడు గ్రహాలూ రాహుకేతువుల మధ్య ఒకే వైపు పడితే కాలసర్పం అంటున్నారు. వరాహమిహిరుడి ప్రాచీన జ్యోతిష గ్రంథం బృహజ్జాతకంలో ఈ పేరుతో యోగం లేదు. సర్పయోగం అని ఇంకొకటి ఉంది, దాని నిర్వచనమే వేరు. సరే, లెక్క చూడండి. చంద్రుడు తప్ప మిగతా ఆరూ ఒక వైపు చేరిన నెలల్లో, చంద్రుడు కూడా ఆ వైపుకు రాగానే యోగం మొదలై సుమారు రెండు వారాలు ఉంటుంది. ఆ రెండు వారాల్లో ప్రపంచమంతటా పుట్టిన ప్రతి బిడ్డకూ కాలసర్పమే. అందరి బతుకూ ఒకేలా బిగుసుకుంటుందా? భయపెట్టి పూజ చేయించడానికి ఇంత అనువైన యోగం ఇంకోటి లేదు. అందుకే దీనికి ఇంత ప్రచారం అని నా అనుమానం.

అపోహ: రాహు మహాదశ అంటే 18 ఏళ్ల గ్రహపాటు.

జన్మనక్షత్రాన్ని బట్టి దశలు లెక్కపెట్టే వింశోత్తరి పద్ధతిలో రాహువుకు 18 ఏళ్లు, కేతువుకు 7. అది అందరికీ ఒకే వయసులో రాదు. మృగశిరలో పుట్టినవారికి ఏడేళ్లు నిండేలోపే రాహు దశ మొదలవుతుంది. పుష్యమిలో పుట్టినవారికి 67 దాటాక గానీ రాదు, చాలామంది దాన్ని చూడరు కూడా. ఇక ఆ 18 ఏళ్లలో తొమ్మిది అంతర్దశలున్నాయి, అంటే దశలోని చిన్న భాగాలు. రాహువు సొంత అంతర్దశ 2 సంవత్సరాల 8 నెలల 12 రోజులు మాత్రమే. పైగా 3, 6, 10, 11 స్థానాల్లో రాహువు బాగా చేస్తాడని పెద్దలు చెప్పారు. దశ పేరు విని నీరుగారిపోవడం అనవసరం.

అపోహ: ఇదంతా సైన్సు నిరూపించింది.

నిరూపించలేదు. 1985లో నేచర్ పత్రికలో షాన్ కార్ల్‌సన్ ప్రచురించిన పరీక్షలో, జాతక చక్రాలను వాటి మనుషుల వ్యక్తిత్వ వివరాలతో జతపరచడంలో జ్యోతిషులు యాదృచ్ఛికంగా వచ్చే ఫలితాన్ని మించలేకపోయారు. ఖగోళ లెక్క సైన్సు, ఫలితం సంప్రదాయం. కాబట్టి ఉద్యోగం మానాలా, విడాకులు తీసుకోవాలా, మందులు ఆపాలా అనే నిర్ణయాలకు రాహువును సాక్షిగా పిలవకండి. దిగులు వారాల తరబడి వదలకపోతే నా దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అపోహ: రాహువు పుట్టినప్పుడున్న చోటికి తిరిగొచ్చే ఏడాది తలరాత మారుతుంది.

సుమారు 18న్నర, 37, 56 ఏళ్ల వయసుల్లో రాహువు పుట్టినప్పుడున్న చోటికి వస్తాడు. 28, 46 ప్రాంతాల్లో జన్మకేతువు మీదికి వస్తాడు. చదువు, ఉద్యోగం, పిల్లలు, బాధ్యతలు ఎలాగూ మారే వయసులివి. ఆగి లెక్క చూసుకోవడానికి మంచి సందర్భం, అంతవరకే.

చివరగా ఒక సాంకేతిక విషయం. కొన్ని సాఫ్ట్‌వేర్‌లు మధ్యమ రాహువును (సగటు స్థానం), కొన్ని స్ఫుట రాహువును (ఆ క్షణపు అసలు స్థానం) వాడతాయి. రెంటి మధ్య సుమారు డిగ్రీన్నర తేడా రావచ్చు. రాశి అంచున ఉంటే రాశే మారిపోతుంది. లగ్నమైతే దాదాపు రెండు గంటలకొకటి మారుతుంది. పుట్టిన సమయం "తెల్లవారుజామున ఎప్పుడో" అని మాత్రమే తెలిసినవారు భావాల మీద ఏ తీర్పూ కట్టుకోకండి. అలాంటి చక్రంలో నేను రాహుకేతువుల భావాలను పక్కన పెట్టి చంద్రుడి నుంచి చూస్తాను, ఆ సంగతి ముందే చెప్పి మరీ.