ఇంట్లో నాలుగు పిల్లులు, ఒక్క పళ్లెం: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి పాత వీధుల్లో చాలా ఇళ్లు గది వెనక గదిగా పొడుగ్గా ఉంటాయి. ముందు గది నుంచి పెరటిదాకా ఒకటే దారి. అలాంటి ఇంట్లో మూడు నాలుగు పిల్లులుంటే తిండి దగ్గర వచ్చే తంటాలు చాలావరకు మన నమ్మకాల వల్లే వస్తాయి.

అపోహ: ఒకే పళ్లెంలో తింటున్నాయంటే సఖ్యంగా ఉన్నట్టే.

వాస్తవం: పిల్లి ఒంటరిగా వేటాడి ఒంటరిగా తినే జంతువు. అన్నీ ఒకచోట తింటున్నాయంటే చాలాసార్లు వేరే దారి లేకే. అరుపులూ రక్కుకోవడాలూ ఉండకపోవచ్చు, కానీ కాసేపు నిలబడి చూడండి. ఒకటి గబగబా మింగి, కాసేపటికి నమలని గింజలు అలాగే కక్కేస్తుంది. ఇంకోటి చెవులు వెనక్కి తిప్పుకుని, రెండు ముద్దలు తిని తప్పుకుంటుంది. మరొకటి గుమ్మానికి అడ్డంగా పడుకుంటుంది. నిద్రపోతున్నట్టే ఉంటుంది గానీ, అది అక్కడున్నంతసేపూ నాలుగోది లోపలికి రాదు.

అందుకని ఎవరి పళ్లెం వాళ్లకే, ఒకదానికొకటి కనబడనిచోట పెట్టాలి. ఒకటి ముందు గదిలో, ఒకటి వంటింట్లో, ఒకటి పెరటి అరుగు మీద. బెదురు పిల్లికి కిటికీ గూట్లోనో బీరువా మీదో. అన్నిటికీ ఒకేసారి పెట్టి, 20 నిమిషాలయ్యాక మిగిలింది తీసేయండి. గబగబా మింగేదానికి వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరచండి. నీళ్లు తిండి పక్కన వద్దు, ఇంట్లో రెండు మూడు చోట్ల విడిగా ఉంచాలి.

అపోహ: ఓ గుప్పెడు వేస్తే సరిపోతుంది.

వాస్తవం: గుప్పెడు ఒక్కో చేతికి ఒక్కోలా ఉంటుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన 4 కిలోల పిల్లికి రోజుకి సుమారు 200 కేలరీలు, అంటే పొడి తిండి 50 నుంచి 60 గ్రాములు. వంటింటి త్రాసు మీద తూచి, రెండు మూడు పూటలకు పంచండి. ప్యాకెట్ మీద కేలరీల లెక్క చూసి సరిచేసుకోండి.

అపోహ: చేప, అన్నం కలిపి పెడితే ఇంకేం అక్కర్లేదు.

వాస్తవం: గోపాలపూర్ నుంచి తాజా చేప దొరికే ఊళ్లలో ఈ నమ్మకం గట్టిది. అన్నం కడుపు నింపుతుందంతే. పిల్లికి మాంసం, చేపల్లో ఉండే టారిన్ అనే పోషకం తప్పనిసరి. అది చాలకపోతే కళ్లు, గుండె దెబ్బతింటాయి. గుండె జబ్బుతో దానికున్న సంబంధం 1987లో బయటపడింది. చేప ఉడికిస్తే కొంత టారిన్ నీళ్లలోకి దిగుతుంది కాబట్టి ఆ నీళ్లు పారబోయకుండా చల్లార్చి పైన పోయండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వేయకూడదు, ముళ్లు తీసేయాలి. కొన్ని చేపలు పచ్చివే పెడుతూ పోతే బి1 విటమిన్ పోయి మెడ కిందికి వాలిపోతుంది. పఖాళలో (ఒడియా వాళ్ల చద్దన్నం) నంజుకునే ఎండుచేపలో ఉప్పు మరీ ఎక్కువ. రోజువారీకి సంపూర్ణ ఆహారమని రాసిన పిల్లుల తిండి, వారానికి ఒకట్రెండుసార్లు చేప మంచిది. ఉక్కలో తడి తిండి గంటకు మించి బయట ఉంచకండి. చీమలు పట్టకుండా పళ్లేన్ని నీళ్లున్న తాంబాళంలో పెడితే చాలు.

అపోహ: పాలు పిల్లికి అమృతం.

వాస్తవం: పెద్ద పిల్లుల్లో చాలావాటికి విరేచనాలవుతాయి.

అపోహ: ఆకలేస్తే అదే తింటుంది.

వాస్తవం: ఇది ప్రాణాల మీదికి తెస్తుంది. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. ఉమ్మడి పళ్లెం ఖాళీ అవుతూనే ఉంటుంది గనక ఏది తినలేదో తెలియదు. విడి పళ్లేలుంటే ఆ పూటే తెలుస్తుంది. ఒక రోజంతా ముట్టకపోతే మర్నాడే పశువైద్యుడికి చూపించండి, పిల్ల అయితే అంత సేపు కూడా ఆగొద్దు.