రహస్య ఓటు, కౌలు కాగితం

తెనాలి నుంచి దుగ్గిరాల వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా కనిపించే వరి, మొక్కజొన్న, పసుపు చేలలో చాలావాటిని సాగు చేసేవారు వాటి యజమానులు కారు. యజమాని గుంటూరులోనో విజయవాడలోనో ఉంటాడు. దుక్కి దున్నించి, ఎరువుకు అప్పు తెచ్చి, పంట మునిగితే నష్టపోయేది కౌలు రైతు. పోలింగ్ రోజున ఇద్దరి ఓటుకూ విలువ ఒక్కటే. మిగతా రోజుల్లో ఇద్దరి మాటకూ విలువ ఒక్కటిగా ఎందుకు ఉండదన్నదే నన్ను వదలని ప్రశ్న.

1937 నాటి ఎన్నికల్లో ఓటుహక్కే ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలకు ముడిపడి ఉండేది. 1951-52లో ఆ గోడ కూలి, 17 కోట్లకు పైగా ప్రజలు ఓటర్లయ్యారు. రాజకీయాల్లో సమానత్వం, ఆర్థిక, సామాజిక జీవితంలో అసమానత్వం ఉన్న వైరుధ్యంలోకి మనం అడుగుపెడుతున్నామని అంబేడ్కర్ 1949 నవంబరు 25నే రాజ్యాంగ సభలో హెచ్చరించారు.

ఆస్తి ఓటును ఎలా వంచుతుందో చిలీ దేశపు అనుభవం స్పష్టంగా చూపుతుంది. అక్కడ పెద్ద ఎస్టేట్లలో ఉంటూ పనిచేసే కూలీలు యజమాని చెప్పిన పార్టీకే ఓటు వేసేవారు, ఎందుకంటే ఎవరు ఎటు వేశారో ఆయనకు తెలిసిపోయేది. 1958లో ఓటు నిజంగా రహస్యమయ్యాక, అలాంటి కూలీలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మితవాద (రైట్ వింగ్) పార్టీల బలం తగ్గింది. ఇంకా విశేషం, ఆ ప్రాంతాల్లో భూమి ధర కూడా తగ్గిందని బాలాండ్, రాబిన్సన్ అనే ఆర్థికవేత్తలు 2008లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. అంటే అంతవరకూ పొలం ధరలో పంట విలువతో పాటు కూలీల ఓట్ల విలువా కలిసి ఉండేదన్నమాట.

మన కౌలు రైతుకు రహస్య ఓటు ఉంది, కానీ బ్యాంకు రుణం, పంట బీమా, నష్టపరిహారం రావాలంటే సాగుదారుగా గుర్తింపు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో కౌలు రైతుల కోసం వచ్చిన 2011 చట్టం సాగుదారు దరఖాస్తు మీద విచారణ జరిపి గుర్తింపు కార్డు ఇచ్చే ఏర్పాటు చేసింది. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 11 నెలల ఒప్పందాన్ని, దానిపై యజమాని సంతకాన్ని తప్పనిసరి చేసింది. సంతకం పెడితే భూమిపై హక్కు పోతుందేమోనన్న భయం యజమానులకు ఉంది. చట్టం ఆ హక్కుకు రక్షణ ఇచ్చినా భయం పోలేదు. దాంతో రుణానికైనా పరిహారానికైనా కౌలుదారు ముందు యజమాని గుమ్మం ఎక్కాలి. గ్రామసభలో చేయెత్తడం బ్యాలెట్ పెట్టెలో చీటీ వేయడం వంటిది కాదు. ఎవరు ఎత్తారో అందరూ చూస్తారు, వచ్చే ఏడాది ఆ ఎకరాలు ఎవరికి ఇవ్వాలో నిర్ణయించే మనిషి కూడా చూస్తాడు.

అమరావతి భూసమీకరణలోనూ ఈ తేడా కనిపించింది. భూమి ఇచ్చినవారికి అభివృద్ధి చేసిన ప్లాట్లు, ఏటా ప్రభుత్వం చెల్లించే కౌలు. అదే నేలపై కూలి చేసుకుని బతికిన భూమిలేని కుటుంబానికి మొదట నిర్ణయించింది నెలకు 2,500 రూపాయల పింఛను. రాజధాని విలువ పెరిగితే మొదటివారి వాటా పెరుగుతుంది, రెండోవారిది దానితో పెరగదు.

పోటీ చేసే స్థోమత గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు: అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు చట్టం పెట్టిన పరిమితే 40 లక్షల రూపాయలు. నాకు అంతకంటే అత్యవసరంగా తోచేది కౌలు కాగితమే. పక్క చేను రైతుల సాక్ష్యంతో, పొలంలో నిలబడి చేసే విచారణతో, యజమాని సంతకం లేకుండానే సాగుదారుకు గుర్తింపు ఇవ్వగలిగితే, అతను గ్రామసభలో పరిహారం గురించి అడిగేటప్పుడు ఎవరి ముఖం వైపూ చూడనక్కరలేదు.