వేడి పెంక మీద చల్లటి నీళ్లు

వరంగల్, కరీంనగర్ వైపు ఇళ్లల్లో సర్వపిండి (గిన్నె లోపల ఒత్తి కాల్చే బియ్యప్పిండి రొట్టె) చేసే రోజు వంటింట్లోంచి మధ్య మధ్యలో ‘చుయ్’మని చప్పుడు వినిపిస్తుంది. ఒకటి కాలాక రెండోది ఒత్తుదామంటే గిన్నె చెయ్యి పెట్టనివ్వదు. అది ఆరేదాకా ఆగే తీరిక లేక, బోర్లించి నల్లా కింద పెడతారు. పాత సర్వలు (గుండ్రటి అడుగున్న గిన్నెలు), లోతు కడాయిలు ఏళ్ల తరబడి దీన్ని తట్టుకున్నాయి. అదే పని చదునైన పల్చటి నాన్‌స్టిక్ పెంకతో చేస్తే కొన్నాళ్లకే అడుగు పైకి ఉబ్బుతుంది. చెంచాడు నూనె పోస్తే నడుమ నిలవదు, అంచుల వైపు జారిపోతుంది. దోసె నడుమ ఎండి మాడుతుంటే అంచు నూనెలో నానుతుంటుంది.

పెంక నాసిరకమని అమ్మినవాళ్లను అంటాం. కొంత నిజమే కావచ్చు. కానీ అసలు కారణం వేడి అన్ని చోట్లా ఒకేలా లేకపోవడం.

లోహం వేడెక్కితే వ్యాకోచిస్తుంది. 28 సెంటీమీటర్ల అల్యూమినియం పెంక 200 డిగ్రీలు వేడెక్కితే దాని వెడల్పు మిల్లీమీటరు కన్నా కొంచెం ఎక్కువ పెరుగుతుంది. ఇనుప పెంకయితే అందులో సగం. పెంక అంతా ఒకేలా వేడెక్కి, ఒకేలా చల్లారితే ఏ నష్టమూ లేదు, పెరిగినంతా తగ్గి మళ్లీ మొదటికొస్తుంది. అయితే మన పొయ్యి అలా వేడి చెయ్యదు. చిన్న బర్నర్ మీద పెద్ద పెంక పెట్టి మంట పూర్తిగా తిప్పామనుకోండి. నడిమి భాగం 250 డిగ్రీలకు చేరేసరికి అంచు ఇంకా 100 దగ్గరే ఉండొచ్చు. ఆ 150 డిగ్రీల తేడాకు నడిమి లోహం అంచు కంటే వెయ్యికి మూడున్నర పాళ్లు ఎక్కువ పెరగాలి. చుట్టూ ఉన్న చల్లటి అంచు దాన్ని పెరగనివ్వదు. నలువైపుల నుంచీ నొక్కుడు పడ్డ పల్చటి రేకుకు మిగిలిన దారి పైకో కిందికో ఉబ్బడమే.

ఎండాకాలం రైలు పట్టాలకూ ఇదే గండం. కిలోమీటరు పొడవున్న ఉక్కు పట్టా 40 డిగ్రీలు వేడెక్కితే అర మీటరుకు కాస్త తక్కువగా పెరగాలి. అతికించి వేసిన పొడవాటి పట్టాలకు అంత ఖాళీ ఎక్కడిది? స్లీపర్లు, కంకర వాటిని గట్టిగా పట్టి ఉంచుతాయి. ఆ పట్టు సడలిన చోట పట్టా పక్కకు మెలి తిరుగుతుంది. కాజీపేట లాంటి జంక్షన్ల చుట్టూ మండే ఎండల్లో రైల్వే సిబ్బంది పట్టాల వెంట నడుస్తూ కాపలా కాసేది ఇందుకే.

ఉబ్బిన రేకు చల్లారాక చదునుగా మారితే గొడవే ఉండేది కాదు. మెత్తటి అల్యూమినియం సుమారు వెయ్యికి ఒక పాలు నొక్కుడు వరకే తన ఆకారానికి తిరిగి రాగలదు. అది దాటితే మార్పు శాశ్వతం. పైగా వేడెక్కిన లోహం మెత్తబడి ఇంకా తేలిగ్గా లొంగుతుంది. జనగామ జిల్లా పెంబర్తి కళాకారులు ఇత్తడి రేకును కాల్చి, మెత్తబరిచి, సుత్తితో కావలసిన రూపానికి మలిచేది ఈ గుణంతోనే. వాళ్ల చేతిలో అది శిల్పం, మన పొయ్యి మీద సొట్ట.

ఇక నల్లా నీళ్లు చేసే పని దీనికి తలకిందులు. నీళ్లు మొదట తగిలిన చోటు క్షణంలో ముడుచుకుంటుంది, పక్కన ఉన్న లోహం ఇంకా వేడిగా, పెరిగే ఉంటుంది. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. మంట వల్ల తేడా రావడానికి ఒకటి రెండు నిమిషాలైనా పడుతుంది. నీళ్లతో అంత తేడా సెకన్లలో వస్తుంది. దోసె పెంక మీద చిలకరించే నాలుగు చుక్కల సంగతి వేరు, అవి ఆవిరై పోతాయి, కింద మంట ఆ లోటు పూడుస్తుంది.

మరి సర్వ ఎలా తట్టుకుంది? దాని అడుగు గుండ్రం. ముందే ఒంపు ఉన్న రేకు వేడికి కాస్త లోతు పెరుగుతుంది, చల్లారితే తగ్గుతుంది. చదును రేకులా నొక్కుడును దాచుకొని ఒక్కసారిగా పొంగదు. మన వంటపాత్రల ఈ ఆకారం చాలా తెలివైనదని నా నమ్మకం.

లోహాన్ని బట్టి కూడా కథ మారుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు అల్యూమినియంతో పోలిస్తే వేడిని సుమారు 15 రెట్లు తక్కువగా పంచుతుంది. అందుకే పల్చటి స్టీలు గిన్నెలో మంట తగిలిన చోటే మాడుతుంది, వంకరా అక్కడే మొదలవుతుంది. పోత ఇనుము వంగడానికి ఒప్పుకోదు, ఎక్కువ తేడా వస్తే పగులుతుంది. అన్నిటికన్నా ముఖ్యం మందం. అడుగు మందం రెండింతలైతే వంగకుండా నిలిచే బలం ఎనిమిదింతలవుతుంది. కొనేటప్పుడు పూత రంగు కన్నా బరువు చూడండి. స్టీలు స్కేలు అడుగున ఆనించినప్పుడు నడుమ వెంట్రుకవాసి సందు కనిపిస్తే భయపడక్కర్లేదు. వేడికి చదునవ్వాలని చాలా పెంకలను అలాగే కాస్త లోపలికి ఒంపుతో చేస్తారు.

ఇండక్షన్ పొయ్యి మీద మరింత జాగ్రత్త కావాలి. అక్కడ వేడి కాయిల్ పైన ఉన్న అడుగులోనే పుడుతుంది, ఖాళీ పెంక చూస్తుండగానే 200 డిగ్రీలు దాటుతుంది. కూర, పులుసు ఉన్న గిన్నెను లోపలి నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆపుతాయి, ఖాళీ పెంకను ఆపేదేదీ లేదు. నాన్‌స్టిక్ పూత కూడా 260 డిగ్రీలు దాటితే చెడిపోవడం మొదలవుతుంది. కాబట్టి చిన్న మంట మీద మొదలుపెట్టి మెల్లగా పెంచండి, పెంక అడుగుకు తగ్గ బర్నర్ వాడండి.

సర్వపిండికి రెండు గిన్నెలు పెట్టుకుంటే ఒకటి కాలేలోపు రెండోది తనంతట తానే ఆరుతుంది. ఒకటే ఉంటే తడి గుడ్డ మీద పిండి ఒత్తి, వేళ్లతో చిల్లులు పెట్టి, వేడి గిన్నెలో జాగ్రత్తగా బోర్లించొచ్చు. కడగడం మాత్రం చేతికి గోరువెచ్చగా తగిలేదాకా ఆగాకే.

ఇప్పటికే వంకరపోయిన ఉత్త ఇనుప, అల్యూమినియం పెంకను ఉబ్బిన వైపు పైకి ఉండేలా చదును చెక్క మీద పెట్టి, గుడ్డ కప్పి, కొయ్య సుత్తితో మెల్లగా తట్టి కొంత సరిచేయొచ్చు. పూత ఉన్నవి, పొరలు అతికించిన అడుగున్నవి కొట్టొద్దు, పూత లేస్తుంది, పొరలు విడిపోతాయి. అడుగు కొద్దిగానే ఉబ్బి, పూత బాగుంటే గ్యాస్ మీద పులుసులకు వాడుకోవచ్చు, దోసెలకు మాత్రం వేరేది తీసుకోవాల్సిందే.