రెండు ప్లస్ అంటే ఉన్నట్టా, లేనట్టా?

"అన్నా, ఈఆర్ 90 శాతం అని ఉంది, హెర్-2 దగ్గర మాత్రం 2 ప్లస్ అని రాసిన్రు. అంటే ఉన్నట్టా, లేనట్టా?" చౌటుప్పల్ నుంచి ఒక చెల్లె వాళ్లమ్మ బయాప్సీ రిపోర్టు ఫోటో పంపి అడిగింది. రొమ్ము కేన్సర్, ఇన్వేసివ్ రకం, అంటే చుట్టుపక్కలకు పాకేది. ఈఆర్ అంటే ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అందుకునే ప్రోటీన్, హెర్-2 అంటే కణాన్ని పెరగమని చెప్పే ప్రోటీన్. ఏ మందు ఇవ్వాలో తేల్చడానికి ఈ రెండూ చూస్తాం. జవాబు ఒక్క ముక్కే: ఇంకా తేలలేదు. ఎందుకు తేలలేదో తెలియాలంటే ఆ స్లైడుకు రంగు ఎట్లా ఎక్కుతుందో చూడాలి. పాథాలజీ ల్యాబులో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అదే, ఎందుకంటే నేను పుట్టింది పుట్టపాకలో, అద్దకం చేసే ఇంట్లో.

తేలియా రుమాలు, అంటే నూనె పట్టించిన నూలుతో చేసే బట్ట, నేసే ఇళ్లలో చిన్నపిల్లలకూ తెలుసు, ఎర్రరంగు నూలును ఊరికే పట్టుకోదని. ఆముదం కాయల బూడిద నీళ్లలో, నూనెలో నూలును రోజుల తరబడి నానేసి పిసకాలి, తర్వాత పటిక పట్టించాలి. పటిక ఒక చేత్తో నూలును, ఇంకో చేత్తో రంగును పట్టుకుంటుంది. పటిక బదులు ఇనుము వేస్తే అదే రంగు నల్లబడుతుంది.

మా ల్యాబులో రోజూ వాడే హెమటాక్సిలిన్ కూడా మధ్య అమెరికా చెట్టు చేవ నుంచి తీసిన బట్టల రంగే! దానికీ పటిక తోడుంటేనే కేంద్రకంలోని డీఎన్ఏకు నీలంగా అంటుకుంటుంది. ఆ నీలంలోనే గ్రేడ్ లెక్క, అంటే కేన్సర్ ఎంత దూకుడుదో చెప్పే లెక్క: కణాలు గొట్టాలు కడుతున్నాయా, కేంద్రకాలు ఎంత వికారంగా ఉన్నాయి, ఎన్ని కణాలు విభజనలో ఉన్నాయి. ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు, మొత్తం 8 లేదా 9 అయితే గ్రేడ్ 3.

ఈఆర్, హెర్-2 లాంటి మార్కర్ల దగ్గర పటిక పని యాంటీబాడీది, అంటే ఫలానా ప్రోటీన్‌నే గుర్తుపట్టి అంటుకునేది. దానికి సొంత రంగు లేదు. మొదటి యాంటీబాడీ వెతికి వెతికి ఈఆర్ ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, రెండోది ఆ మొదటిదాన్ని పట్టుకుంటుంది, రెండోదాని వీపున ఆవాల కుటుంబానికి చెందిన ఒక దుంప నుంచి తీసిన పెరాక్సిడేజ్ ఎంజైము ఉంటుంది, అది డీఏబీ అనే రసాయనాన్ని అక్కడికక్కడే కరగని గోధుమరంగు మడ్డిగా మారుస్తుంది. నూలును ఉడికించి పత్తిలోని సహజ మైనం తీయకపోతే రంగు పట్టనట్టే, ముక్కను పలచగా కోయడానికి పోసిన మైనాన్ని స్లైడు మీద కరిగించి, ముక్క చెడకుండా వేసే ఫార్మలిన్ ద్రవం బిగించిన ప్రోటీన్లు విడేలా వేడి చేయకపోతే యాంటీబాడీ కూడా పట్టదు.

ఈఆర్ ఉండేది కేంద్రకంలో, కాబట్టి గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. 1 శాతం కణాలకు ఎక్కినా పాజిటివే. హెర్-2 ఉండేది కణం పొర మీద, అది మామూలు కణాలకూ కొద్దిగా ఉంటుంది. పదింట ఒక వంతుకు మించిన కణాల్లో పొర చుట్టూ ముదురుగా, తెగకుండా వల అల్లినట్టు రంగు ఉంటే 3 ప్లస్. అదే వల పలచగా ఉంటే 2 ప్లస్. పలచన అనేది కంటి లెక్క, దాన్ని నమ్మి హెర్-2 మీద పనిచేసే ట్రస్టుజుమాబ్ లాంటి మందు మొదలుపెట్టకూడదు, ఎగ్గొట్టనూ కూడదు. అందుకే ఫిష్ పరీక్ష. అందులో హెర్-2 జీన్ కాపీలు మెరిసే చుక్కల్లా కనిపిస్తాయి, కేంద్రకం తర్వాత కేంద్రకం కూర్చుని లెక్కపెడతాం.

మా నాన్న తొట్టిలో ముందు ఒక నమూనా పోగు ముంచి చూసేవాడు. ఈఆర్‌కు ఆ పోగు స్లైడులోనే ఉంటుంది, కేన్సర్ పక్కన మిగిలిన మామూలు నాళాలు. వాటికే రంగు ఎక్కకపోతే "నెగెటివ్" అన్న మాటను నేను నమ్మను. ఒకసారి ఒక చిన్న నర్సింగ్‌హోం నుంచి బయాప్సీ ముక్క ఉప్పునీళ్లలో మర్నాడు వచ్చింది. గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి, అందులో 6 నుంచి 72 గంటలు ఉండాలి. ఆ స్లైడులో ఏ పోగూ రంగు పట్టలేదు, ఆ తల్లికి మళ్లీ సూది వేయాల్సి వచ్చింది. నాకు ఇప్పటికీ కోపమే.

సూది గుచ్చితే కేన్సర్ ముదురుతుందని మా వైపు ఊళ్లలో గట్టి నమ్మకం. అది నిజం కాదు, ఆ భయంతో నెలలు పోగొట్టుకుని వచ్చిన వాళ్లను చూస్తూనే ఉన్నా.

చెల్లెకు చెప్పింది ఇదే: అమ్మకు మళ్లీ సూది అవసరం పడకపోవచ్చు, ల్యాబులో ఆమె బయాప్సీ ముక్క ఉన్న మైనం దిమ్మె (బ్లాక్) ఉంటుంది. రిపోర్టు పైనున్న బ్లాక్ నంబరు చెప్పి, దాని మీదే ఫిష్ చేయమని అడుగు.